ఏమీ చేయని మడి

మొన్న రైతుల శిక్షణ తరగతిలో నాకొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు నా ఉపన్యాసం మధ్యాహ్నం. పొద్దుటి పూట ఒక కుర్ర వ్యవసాయాధికారిది. కందిని లాభసాటి పంటగా ఎలా పండించాలో చెబుతూ, ప్రొజెక్టరు మీద ప్లాస్టిక్ షీట్లు ఒకటొకటిగా మారుస్తున్నాడు. ఒక షీటు మీద చేత్తో వేసిన బొమ్మ. కంది చెట్టు కింద దుప్పటి పరిచి, మనిషి చెట్టును వంచి దులుపుతున్నాడు. పచ్చపురుగులు దుప్పట్లోకి రాలుతున్నాయి. బొమ్మ కింద పెద్ద అక్షరాలతో 'ఖర్చు లేని పద్ధతి' అని రాసి ఉంది.

ఒళ్లు మండింది నాకు. ఖర్చు లేదట. ఆ ఖర్చు పెట్టుకున్న మనిషిని నేనెరుగుదును. తార్నాకలో, మా క్యాంపస్‌లో, నా కళ్లముందే పెట్టుకుంది. నేను నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను. ఆమె పేరు మాత్రం చెప్పను. చెప్పొద్దని ఆమే అంది. ఎందుకన్నదో చెబుతాను.

అప్పట్లో నేను పురుగుల మీద పరిశోధన చేస్తున్నాను. చుట్టాలెవరైనా అడిగితే మా అమ్మ "మా అమ్మాయి డాక్టరు చదువుతోంది" అనేదే గాని, ఏ డాక్టరో చెప్పేది కాదు. మాది గుంటూరు వైపు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నా చిన్నప్పుడే వచ్చి లాలాపేటలో స్థిరపడ్డాం. మా డిపార్ట్‌మెంటు వెనక ప్రయోగాలకు అరెకరం పొలం ఉండేది. ఆమె అక్కడ రోజుకూలి. రోజూ పొద్దున్నే వారాసిగూడ నుంచి నడిచి వచ్చేది. యాభై దాటిన మనిషి. సన్నం, పొడుగు, నెత్తిన తువ్వాలు చుట్ట. తొమ్మిదేళ్లుగా కూలీల రిజిస్టర్లో ఆమె పేరుంది. అలా ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లను పర్మినెంటు చేయడానికి ఆ ఏడాది లిస్టు తయారవుతోంది. లిస్టులో మొదటి పేరు ఆమెదేనని అందరూ అనుకునేవారు. ఆమె కూడా అనుకునేది. పర్మినెంటయితే వారాసిగూడలో నీళ్లు వచ్చే గది చూసుకుంటానని నాతో రెండుమూడు సార్లు అంది.

పంటకు వీపు పెట్టి కూర్చునేది కాదు. అన్నం తినేటప్పుడు కూడా గట్టు మీద పొలంవైపే తిరిగి తినేది. వెనక నుంచి పిలిస్తే మెడ మాత్రం తిప్పేది. సాళ్ల మధ్య నడిస్తే అరచెయ్యి మొక్కల తలల మీద ఆనించుకుంటూ నడిచేది, బడి పిల్లల్ని లెక్కబెట్టే అయ్యవారిలాగా. మొక్కల్ని తిట్టేది కూడా. "నీకేం రోగం, పక్కది జూడు ఎట్ల లేసిందో" అని కందిమొక్కను నిలదీస్తుంటే నేను మొదట్లో నన్నే అంటోందేమో అని ఉలిక్కిపడేదాన్ని.

కంది మీద ఆమెకో పట్టుదల ఉంది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల జిల్లాల్లో కందిని ఎవరూ పంటగా లెక్కపెట్టేవారు కాదు. జొన్నలో నాలుగు సాళ్లకొక సాలు, పత్తి చేను చుట్టూ ఒక వరస, ఏదీ పండని గరప నేలలో నాలుగు గింజలు. దుక్కి దానికి కాదు, ఎరువు దానికి కాదు. చివరికి ఇంటికి పప్పొస్తే చాలనుకునేవాళ్లు. ఆమె మాత్రం ఒప్పుకునేది కాదు. "మిగిలిన జాగల మిగిలిన గింజేస్తే మిగిలిందే వస్తది బిడ్డా. అంచుల ఉన్నదాన్ని నడుమకు తెచ్చి సూడుండ్రి" అనేది. చేను మొత్తం కందే వేయాలి. సాలుకూ సాలుకూ నడుమ దుప్పటి పరిచేంత జాగా ఇవ్వాలి. అక్కడక్కడ జొన్న మొక్క ఉండాలి, పిట్టలు వాలి పురుగును ఏరుకు తినడానికి. ఇదంతా ఆమె అత్తగారి దగ్గర నేర్చుకున్నదట. ఊళ్లో ఆమెకు రెండెకరాల ఎర్రచెలక ఉంది. భర్త పోయాక అది మరిది చేతిలోకి పోయింది. అతను పత్తి వేస్తున్నాడు.

ఒకసారి తార్నాక చౌరస్తా దగ్గర కిరాణా కొట్టుకు వెళ్తే ఆమె అక్కడుంది. ఆమెకు కందిపప్పు పావుకిలో కావాలి. ధర విని, బస్తాలోంచి ఒక బద్ద తీసి కొరికింది. ఏ ఊరి పప్పని అడిగింది. ఎక్కడో నాగపూర్ అవతలి నుంచి వచ్చిందన్నాడు కొట్టతను. మా చెలకలకు ఏమైంది, అంత దూరం నుంచి తెప్పించుకుంటున్నారని ఆమె అడిగింది. అతను నవ్వి, కంది వేస్తే రైతుకేం మిగుల్తుందమ్మా అన్నాడు. ఆమె నవ్వలేదు.

"గింత పిరమున్న పప్పు పండిచ్చెటోనికి ఏం మిగలదంటవ్. అమ్మెటోనికి మిగుల్తది. గా మాట ఎవలు జెప్పిన్రు నీకు?"

అతను తక్కెడ అందుకున్నాడు. ఆమె పావుకిలో కట్టించుకుని, నన్ను చూసి, మీ చదువుకున్నోళ్లు కూడా ఇదే మాట అంటారు కదా అని దారి పొడుగునా నాతో తగువు పెట్టుకుంది. నేను పురుగుల సంగతి తప్ప లాభనష్టాల సంగతి చదవలేదన్నాను. అయితే సగమే చదివినట్టు అంది.

మొక్కలు నడుము ఎత్తుకు వచ్చినప్పుడు మరో తగువు. ఒకరోజు వెళ్లేసరికి ప్రయోగం బయట, అంచున ఉన్న రెండు సాళ్ల మొక్కలకు కొనలన్నీ గిల్లేసి ఉన్నాయి. ఇదేం పని పెద్దమ్మా అని అరిచాను. ఆమె వేళ్లకు అంటిన ఆకుపచ్చ పసరు చీరకు తుడుచుకుంటూ, తల గిల్లితే చేతులొస్తాయి అంది. నిజంగానే వచ్చాయి. ఆ రెండు సాళ్లూ గుబురుగా కొమ్మలు వేసి, పూత పట్టేనాటికి నా ప్రయోగంలోని మొక్కలు వాటి పక్కన చిక్కిపోయినట్టు కనిపించాయి. మా సారుకు చూపిస్తే బాగుందన్నారు. కానీ అది మన ప్రయోగంలో లేదు కదా అన్నారు.

మా సారు చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే లాలాపేట దాకా స్కూటర్ మీద వచ్చి చూసి వెళ్లిన మనిషి. అయితే ఆ ప్రయోగానికి డబ్బు పెట్టింది ఒక మందుల కంపెనీ. పచ్చపురుగు మీద ఏ మందు ఎంత పనిచేస్తుందో తేల్చాలి. పొలాన్ని మడులుగా విడగొట్టాం. మూడు రకాల మడులకు మూడు మందులు. నాలుగో రకానికి ఏ మందూ కొట్టకూడదు, పురుగును ముట్టుకోకూడదు. దానితో పోల్చి చూస్తేనే మందు చేసిన మేలు తెలుస్తుంది. పుస్తకంలో దానికి పేరుంది గాని, మేం పొలంలో 'ఏమీ చేయని మడి' అనేవాళ్లం.

ఆమెకు అది మొదటి రోజు నుంచీ మింగుడు పడలేదు. "గిదేం పాపం జేసిందని దీన్ని పురుగుకు ఇడుస్తున్రు?" అని అడిగింది. నేను ఓపిగ్గా వివరించాను. మందు కొట్టని మడి పాడైతేనే మందు కొట్టిన మడి విలువ తెలుస్తుంది పెద్దమ్మా అన్నాను. అంతా విని తలూపింది. అర్థమైందనుకున్నాను. అర్థమైంది కూడా. ఒప్పుకోవడం వేరు సంగతి.

ఆ ఏడు కాయ పట్టే వేళకు పురుగు విరుచుకుపడింది. చుట్టుపక్కల పత్తిని తిన్నదీ అదే పురుగు. ఎన్ని మందులు కొట్టినా చావడం లేదని రైతులు గగ్గోలు పెడుతున్నారు. మా మందు మడుల్లోనూ పురుగు బాగానే ఉంది. వింతల్లా ఏమీ చేయని మడిది. దాంట్లో పురుగు దాదాపు లేదు. వారం వారం లెక్క తీసిన నేను నా కళ్లనే నమ్మలేదు. సారు నన్ను నమ్మలేదు. మడుల చీటీలు మార్చి కట్టావా అని అడిగారు. తిక్కరేగి, మర్నాడు తెల్లవారకముందే నాన్న సైకిలు మీద పొలానికి వెళ్లాను.

ఆమె అక్కడే ఉంది. సాళ్ల మధ్య పాత దుప్పటి పరిచి, చెట్టు మొదలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తల వంచి, బిడ్డను ఊపినంత మెల్లగా మొదలుపెట్టి ఒక్క దులుపు దులుపుతోంది. పూత రాలలేదు, పురుగు టపటపా రాలింది. దుప్పటి నాలుగు కొసలూ కలిపి రేకు డబ్బాలోకి వొంపుకుంటోంది. పట్టుకెళ్లేది వారాసిగూడలో పక్కింటి కోళ్లకు. నన్ను చూసి దాచుకోలేదు, తడబడలేదు. ఆ కొస పట్టుకొమ్మంది.

ఎంత పని చేశావు పెద్దమ్మా, నా ఏడాది కష్టం పోయింది అన్నాను. ఏడుపొచ్చింది నాకు. ఆమె దుప్పటి దులిపి భుజాన వేసుకుంది.

"నువ్వు జెప్పింది ఇన్న బిడ్డా. శానా దినాలు ఓపిక పట్టిన. కాయ మీద పురుగు కనవడుతుంటె చేతులు కట్టుకోని సూస్కుంట కూసుండుడు నాతోని గాలె."

పొలం పనికి పుట్టిన మనిషిని తెచ్చి, పంట పాడవుతుంటే ముట్టుకోవద్దని కాపలా పెట్టాం. తప్పెవరిదో అప్పుడే తోచాల్సింది. తోచలేదు. నేను తిన్నగా సారు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను.

మధ్యాహ్నం సారు ఆమెను గదికి పిలిపించారు. నేను బల్ల పక్కన నిలబడ్డాను. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. సారు దాన్ని చదివి వినిపించారు. 'పొరపాటున నాలుగో మడికి రెట్టింపు మందు కొట్టాను, ఇకపై జాగ్రత్తగా ఉంటాను' అని దాని సారాంశం. సంతకం పెడితే మందలింపుతో పోతుందని, లిస్టులో పేరు అలాగే ఉంటుందని నెమ్మదిగానే చెప్పారు. కంపెనీకి ఆ కాగితం చాలు. అంత మందు పడింది కాబట్టే పురుగు లేదని, మోతాదు పెంచితే చాలని రాసుకుంటారు. మందు గెలుస్తుంది, ఆమెకు పర్మినెంటు వస్తుంది, నాకు డిగ్రీ వస్తుంది.

ఆమె సంతకం చేయగలదు. సంతకం కోసమే రెండేళ్ల కింద రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. కలం చేతిలోకి తీసుకుంది. నా ఊపిరి తేలికపడింది.

"మందు కొట్టిన అని రాసిన్రా సారూ?"

అలా రాస్తేనే నీకు మంచిది అన్నారు సారు.

"నేను కొట్టలే. దులిపిన."

ఏదైతేనేం అన్నారాయన.

ఆమె కలం మూత పెట్టి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఏదైతేనేం అంటే ఎట్ల సారూ. రేపు గీ కాయితం జూసి ఇంకొగడు మందు కొంటడు. పురుగు సావది, వాని ఇల్లు మునుగుతది. దులిపితే పొయ్యే పురుగు గది. నా చేతులు జేసిన పని మందు జేసిందని నేను సంతకం పెట్ట."

లిస్టు సంగతి ఆలోచించుకో అన్నారు సారు. ఆలోచించుకున్న అంది. అప్పుడు నావైపు చూసింది. నేనొక్క మాట అంటే చాలు, నిజమే సార్, నేను చూశాను, ఆమె చెప్పినట్టే రాద్దాం అని. అంతే. నేను నేల మీది గచ్చు గళ్లు లెక్కపెట్టాను. ఆ గళ్లు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. ఆమె ముఖం ఆ క్షణాన ఎలా ఉందో గుర్తులేదు, ఎందుకంటే నేను చూడలేదు. నా బతుకులో నేను సిగ్గుపడే రోజులు కొన్ని ఉన్నాయి. వాటిలో అదే మొదటిది.

మర్నాడు గుమాస్తా రిజిస్టర్లో ఆమె పేరు మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత గీశాడు. చూపించమని అడిగింది. అతను మొహమాటపడుతూ తిప్పి చూపించాడు. ఆమె వంగి చూసి, సక్కగనే గీసినవ్ కొడుకా అంది.

తార్నాక చౌరస్తా దాకా ఆమె వెంట నడిచాను. ఇరానీ హోటల్ దగ్గర చాయ్ తాగుదామంటే వద్దంది. నా సిద్ధాంత గ్రంథంలో నీ పేరు రాస్తాను పెద్దమ్మా, ముందు పేజీలోనే రాస్తాను అన్నాను. ఏదో ఒకటి ఇచ్చి తేలికపడదామని నా ఆరాటం.

"ఆడ నోరు తెరువకపోతివి. గీడ పేరిస్తనంటవా బిడ్డా" అంది. తిట్టినట్టు లేదు, అడిగినట్టే ఉంది. "నా పేరు యాడ రాయకు. కొట్టేసినకాడ మల్ల రాయమను ముందుగాల. గప్పుడు నువ్వు యాడ రాసుకున్నా సరే."

బస్సెక్కి వెళ్లిపోయింది. వారాసిగూడ బస్సు కాదది, ఊరి బస్సు.

ఆ కాగితం సంతకం లేకుండానే సారు సొరుగులో ఉండిపోయింది. వారం రోజులు నిద్ర లేక, చివరికి ఆయన గదికి వెళ్లాను. ఈ ఏడాది లెక్కలు వాడనని, వచ్చే ఏడు మళ్లీ వేస్తానని, ఈసారి ఐదో రకం మడి ఉంటుందని, దానికి దులపడం తప్ప ఏమీ చేయనని చెప్పాను. కంపెనీ డబ్బు ఇవ్వదన్నారు. ఇవ్వకపోతే మానె అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే ఆశ్చర్యం. సారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, విత్తనం ముందే చూసుకో అన్నారు. ఆ ఏడు మా అమ్మ పెట్టెలోని దుప్పటి తీసుకెళ్లి నేనే దులిపాను. నడుములు విరిగాయి. ఖర్చు లేని పద్ధతి అని రాసినవాడు ఒక్క పొద్దు దులిపి చూడాలి.

ఆ పంట కోతలయ్యాక, జనవరి నెలలో, ఎండ ఇంకా ముదరని వేళ, డిపార్ట్‌మెంటు మెట్ల ముందు ఆటో ఆగింది. ఆమె దిగింది. వెనక సీట్లో గోనెబస్తా. ఆటో అతను సాయం పడితే మోసుకొచ్చి, నేరుగా సారు గదిలోకి తెచ్చి నిలబెట్టింది. చెప్పులు గుమ్మం బయట విప్పలేదు. ఇదివరకు విప్పేది.

ఊరికి పోయి మరిది వాకిట్లో తొమ్మిది రోజులు కూర్చుందట. అన్నం పెడితే తినలేదట, తిడితే లేవలేదట. చెలక వదిలాడు. రెండెకరాలూ కందే వేసింది. చేను నిండా ఉత్త కంది వేసిన ఆడదాన్ని చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. మతి పోయిందన్నారు. దుప్పటి వెడల్పు చూసి సాళ్లు తోలించింది, తలలు గిల్లింది, పొద్దున్నే దులిపింది. ఆ ఏడు మరిది పత్తిని పురుగు తినేసింది. మందుల కొట్టువాడు బాకీ కోసం ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఈమె చెలకలో పండింది కళ్లం మీద కుప్ప పోస్తే, వచ్చే ఏడు మాకూ విత్తనం ఉంచమని నవ్వినవాళ్లే అడిగారట. ఇదంతా ఆమె గొప్పగా చెప్పలేదు. పొలం పని అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది.

తర్వాత బస్తా మూతి విప్పి, గుప్పెడు కందులు తీసి సారు బల్ల మీద పోసింది. సంతకం కాగితం పెట్టిన చోటే. గట్టిగా, నున్నగా, ఒక్క గింజకూ పుచ్చు లేదు.

"సారూ, గిది ఏమీ చెయ్యని మడిది గాదు. చేసిన మడిది."

సారు ఒక గింజ తీసుకుని వేళ్ల మధ్య చాలాసేపు తిప్పారు. బాగుందమ్మా అన్నారు. మా ఇంటికి ఉంచి వెళ్తావా అని అడిగారు. ఆయనకు అది కానుక అనిపించింది. తెచ్చినవన్నీ కానుకలే అనుకునే అలవాటు మా డిపార్ట్‌మెంటులో అందరికీ ఉండేది.

ఆమె బల్ల మీది కందుల్ని అరచేత్తో ఊడ్చి, ఒక్క గింజ మిగలకుండా బస్తాలో వేసుకుంది. సారు వేళ్ల మధ్య ఉన్న గింజ కోసం చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశారు.

"ఇడువనీకె తేలేదు సారూ. సూపెట్టనీకె తెచ్చిన" అంది.

బస్తా అవతలి కొస నేను పట్టుకున్నాను. ఈసారి అడగకుండానే. బయటికి వచ్చి, తార్నాక చౌరస్తాలో, ఆ కిరాణా కొట్టు ఎదురుగానే గోనె పరిచి కూర్చుంది. పొద్దు వాలకముందే బస్తా ఖాళీ అయింది. కొన్నవాళ్లలో మా గుమాస్తా ఒకడు. అతనికి కొలిచేటప్పుడు కొసరు కూడా వేసింది, సక్కగ గీసినోనివి అంటూ.

మరో రెండుసార్లు వచ్చింది, పచ్చికాయల కాలంలో. మా అమ్మ వాటిని ఉప్పేసి ఉడకబెడితే నాన్న ప్రార్థన త్వరగా ముగించి కూర్చునేవాడు. ఆ తర్వాత రాలేదు. కిందటేడు ఆ ఊరివాడొకడు కనిపించి, ఆమె పోయిందని చెప్పాడు. చెలకలో ఇప్పుడేముందని అడిగాను. కందే ఉన్నదన్నాడు. నా గ్రంథంలో ఐదో మడి ఉంది, దాని లెక్కలన్నీ ఉన్నాయి, సారు సంతకం కూడా ఉంది. ముందు పేజీలో చాలామందికి కృతజ్ఞతలున్నాయి. ఆమె పేరు లేదు. ఆ రిజిస్టర్లో ఎర్రగీత ఇంకా అలాగే ఉంది.

మొన్న ఆ కుర్ర అధికారి ప్రసంగం ముగించి, సందేహాలేమైనా ఉన్నాయా అన్నాడు. నేను లేచి ఇదంతా చెప్పాను, ఇక్కడ రాసినంత వివరంగా కాదు గాని చెప్పాను. మంచి కుర్రాడు. ముఖం ఎర్రబడింది. ఆవిడ పేరు చెప్పండి మేడమ్, బొమ్మ కింద రాస్తాను అన్నాడు, అప్పటికే పెన్ను తీస్తూ. రైతులందరూ నావైపు తిరిగారు.

పేరు చెప్పనన్నాను. ముందు ఆ షీటు మీద 'ఖర్చు లేని' అన్న మాట కొట్టేయమన్నాను. తర్వాత కొట్టేస్తాను మేడమ్ అన్నాడు. ఇప్పుడే అన్నాను. అతను ప్రొజెక్టరు వెలుతురులో వంగి, నల్లపెన్నుతో, స్కేలు లేకుండా గీత గీశాడు. తెర మీద ఆ గీత ఇంత లావున పడేదాకా నేను కూర్చోలేదు.